కోడు మీద పైపులు, గోడ మీద నీటి మరక

ప్రశ్న: నమస్కారమండీ. మాది పశ్చిమ గోదావరిలో యనమదుర్రు డ్రెయిన్‌కి దగ్గర్లో ఉన్న ఒక పట్టణం. ఆ డ్రెయిన్‌లో కలిసే మురుగు కోడు పక్కన 2009లో ఇల్లు కట్టుకున్నాం. ముందు గదిలో బియ్యం కొట్టు, వెనక మేం ఉంటాం. ఎంత వాన పడినా నీళ్లు వీధిలోకి వచ్చేవి గానీ ఎప్పుడూ గుమ్మం దాటలేదు. మూడేళ్ల కిందట కోడుకి అవతల, మా ఇంటికి కాస్త దిగువన ఉన్న పదెకరాల వరిచేను మెరక చేసి ప్లాట్లు వేశారు. ఆ లేఅవుట్‌కి దారి కోసం కోడు మీదున్న పాత ఖానా (కింద నీళ్లు పోయే చిన్న వంతెన) పగలగొట్టి రెండు సిమెంటు పైపులు వేసి మట్టి కప్పారు. పాత ఖానా ఎనిమిది అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల ఎత్తు ఉండేది. పైపులు రెండేసి అడుగులవి. ఈ ఆగస్టులో ఒకసారి, అక్టోబరు వాయుగుండానికి ఇంకోసారి ఇంట్లోకి మోకాలు లోతు నీళ్లు వచ్చేశాయి. బియ్యం బస్తాలు, ఫ్రిజ్, మంచాలు అన్నీ పాడైపోయాయి. మున్సిపాలిటీలో అడిగితే "అంత వాన పడితే ఎవరేం చేస్తారమ్మా" అన్నారు. లేఅవుట్ ఆయన "మేం కంప్యూటర్ మోడల్ వేయించాం, మా వల్ల నీటిమట్టం పెరగదని అందులో వచ్చింది" అని ఒక రిపోర్టు చూపించారు. మా ఆయన ఈ టెన్షన్ మనకెందుకు, సంక్రాంతికి గోడలకి రంగులు వేయించేసుకుందాం అంటున్నారు. అత్తయ్యగారు ఇల్లు అమ్మేద్దామంటున్నారు. నాకు మాత్రం ఇది అన్యాయం అనిపిస్తోంది. కేసు వేయవచ్చా? ఎవరి మీద వేయాలి?

జవాబు: వేయవచ్చమ్మా. కానీ "అంత వాన పడితే ఎవరేం చేస్తారు" అన్న మాటకి మీ దగ్గర జవాబు లేకుండా వేస్తే ఆ కేసు నిలబడదు. వాన పడినందుకు కోర్టు ఎవరినీ తప్పు పట్టదు. ఎప్పుడూ పోయే దారిలో పోవాల్సిన నీళ్లు మీ ఇంట్లోకి ఎందుకు వచ్చాయి, ఆ దారిని మార్చింది ఎవరు అన్నదే చూస్తుంది. మీ ఉత్తరంలో ఆ మార్పులు రెండూ స్పష్టంగా ఉన్నాయి. పాతికేళ్లకు పైగా డ్రెయిన్ల పనుల్లో ఉన్నవాడిగా, మీరు రాసిన కొలతలు చదవగానే నాకు కోపం వచ్చింది.

ముందు ఖానా సంగతి చూద్దాం. ఎనిమిది అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల ఎత్తు అంటే నీళ్లు దూరడానికి 32 చదరపు అడుగుల దారి. రెండు అడుగుల పైపు ఒక్కోటి ఇచ్చే దారి మూడు చదరపు అడుగుల పైచిలుకు, రెండూ కలిపి ఆరుంపావు. అంటే పాత దారిలో ఐదో వంతు కూడా లేదు. పైగా పైపు చిన్నదయ్యేకొద్దీ దాని సామర్థ్యం కొలత తగ్గినంత మేరకే తగ్గదు, అంతకంటే చాలా ఎక్కువ పడిపోతుంది. ఒకే వాలులో ఉన్న నాలుగు అడుగుల పైపు ఒక్కటి తీసుకెళ్లే నీటిని రెండు అడుగుల పైపులు తీసుకెళ్లాలంటే ఆరుకి పైనే కావాలి. ఇది పైపులు శుభ్రంగా ఉన్నప్పటి లెక్క. గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు, కొబ్బరి మట్టలు వచ్చి పైపు మూతి దగ్గర పడితే ఏమవుతుందో మీరు రెండుసార్లు చూశారు.

ఇక పదెకరాల మెరక. వరిచేను చుట్టూ గట్లు ఉంటాయి కాబట్టి పెద్ద వాన పడినప్పుడు చేను చెరువులా నిలుపుకుంటుంది. పదెకరాల్లో అడుగు లోతు నీళ్లు నిలిచాయనుకోండి, అది కోటీ 23 లక్షల లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లలో నింపితే దాదాపు 2,460 ట్యాంకర్లు. ఆ చోటు ఇప్పుడు మట్టితో నిండిపోయింది. అక్కడ నిలవాల్సిన నీళ్లు పక్కనున్న పల్లాన్ని వెతుక్కుంటాయి, ఆ పల్లంలో మీ ఇల్లుంది. దీనికి తోడు ఆ పదెకరాల మీద పడే వాన కూడా వేగంగా వచ్చి కోడులో పడుతుంది. గంటకి 50 మిల్లీమీటర్ల వాన పడితే, నేల పీల్చుకునే పొలం నుంచి సెకనుకి సుమారు 170 లీటర్లు కోడులోకి వస్తే, సిమెంటు రోడ్లు, ఇళ్లు వచ్చాక అదే చోటు నుంచి 450 లీటర్లు వస్తాయి. మొదటిదానికి వానలో 30 శాతం, రెండోదానికి 80 శాతం కోడులో పడుతుందని వేసిన లెక్క ఇది. ఇంజినీర్లు చేతితో వేసే మామూలు లెక్కే, దీనికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు.

మన ప్రాంతం గురించి ఒక మాట చెప్పాలి. గోదావరి వరద అంటే మనందరికీ ఒక పద్ధతి ఉంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకి రెండోది, 17.75 అడుగులకి మూడోది. 1986 ఆగస్టులో అక్కడ దాదాపు 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయని ఇప్పటికీ తేదీలతో సహా చెప్పే పెద్దవాళ్లున్నారు. ఊళ్లో కోడు పొంగడం దీనికి పూర్తిగా వేరు. ఆ కోడుకి కొలబద్ద ఉండదు, హెచ్చరిక ఉండదు, అది ఏ రోజు ఎంత ఎత్తున పారిందో రాసుకునేవాళ్లూ ఉండరు. డెల్టాలో పంట కాలువలు మెరక మీద నడుస్తాయి, మురుగు కాలువలు పల్లంలో నడుస్తాయి. మైలుకి అడుగు వాలు కూడా లేని చోట్లున్నాయి. పైనుంచి ఎర్రకాలువ నీళ్లు వచ్చి యనమదుర్రు నిండుగా ఉంటే, కింద సముద్రానికి పోటు ఉంటే, మీ కోడులో నీళ్లు ముందుకి పోవు, వెనక్కి తంతాయి. ఇలాంటి చోట అడ్డం పెట్టే ప్రతి అంగుళానికీ లెక్క ఉంటుంది. ఈ డ్రెయిన్లు ఊరికే రాలేదు. 1960లలో మిత్రా కమిటీ కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు సమస్యను పరిశీలించింది. 1968లో డ్రైనేజీ సెస్ చట్టం తెచ్చి డెల్టా భూములున్నవాళ్ల దగ్గర పన్ను తీసుకున్నారు. మన తాతల డబ్బుతో బాగుచేసుకున్న కాలువని ఒకరి ప్లాట్ల దారి కోసం రెండు పైపులకి కుదించడం నాకు చిన్న విషయంగా కనిపించదు.

ఇప్పుడు ఆ రిపోర్టు. మోడల్ అనగానే భయపడకండి, అలాగని అది మోసమనీ అనుకోకండి. వాన ఎంత, నేల ఎత్తుపల్లాలు ఎలా ఉన్నాయి, కోడు వెడల్పు, లోతు, గరుకుదనం ఎంత, చివర నీళ్లు కలిసే చోట మట్టం ఎంత అన్న వివరాలు ఇస్తే, ఏ చోట నీళ్లు ఎంత ఎత్తుకి వస్తాయో అది లెక్కకట్టి చెబుతుంది. అమెరికా సైన్యంలోని ఇంజినీర్లు తయారుచేసిన హెక్-రాస్ లాంటి ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతాయి. ఇంజినీరింగ్ కాలేజీల్లో పిల్లలు కూడా వాడతారు. ప్రోగ్రాము మంచిదే. అందులో ఏం పోశారన్నది అడగాలి.

మొదట అడగాల్సింది, చివరి మట్టం ఎంత తీసుకున్నారని. యనమదుర్రు ఖాళీగా ఉందనుకుని లెక్క వేస్తే రెండు పైపులూ చక్కగా పనిచేసినట్టే కనిపిస్తాయి. డ్రెయిన్ నిండుగా ఉందని తీసుకుంటే అదే మోడల్ మీ గుమ్మం దాటిన నీళ్లని చూపించవచ్చు. డెల్టాలో వేసిన మోడల్ ఏదైనా సరే, నేను ముందు ఈ పేజీయే తిరగేస్తాను. తర్వాత, మెరక చేయకముందు ఒకసారి, చేశాక ఒకసారి విడివిడిగా లెక్క వేశారా, పాత ఖానాతో పోల్చారా అన్నది. పోల్చకుండా "పెరగదు" అని రాయడానికి లేదు. కోడు శుభ్రంగా ఉందనుకున్నారా, తూడు, గుర్రపుడెక్కతో ఉన్నట్టు తీసుకున్నారా అన్నదీ చూడాలి. ఇక, నిజంగా వచ్చిన ఒక్క ముంపుతోనైనా ఆ లెక్కని సరిపోల్చారా? మోడల్ వేసింది లేఅవుట్‌కి ముందు. ఆ తర్వాత వచ్చిన రెండు ముంపులే దానికి పరీక్ష. ఆగస్టులో పడిన వాన మోడల్లో తీసుకున్న వాన కంటే తక్కువై ఉండి, మీ ఇంట్లో మాత్రం మోకాలు లోతు నీళ్లు వచ్చి ఉంటే, ఆ రిపోర్టు తప్పని చెప్పడానికి వేరే నిపుణుడు దాదాపు అక్కర్లేదు.

రిపోర్టులో "25 ఏళ్లకోసారి వచ్చే వాన" అని ఉంటే దాన్ని కూడా సరిగ్గా చదవాలి. ఒకసారి వస్తే మళ్లీ పాతికేళ్ల దాకా రాదని కాదు. ఏ సంవత్సరమైనా అంత వాన పడే అవకాశం నూటికి నాలుగు వంతులని. పాతికేళ్లలో ఒక్కసారైనా అంత వాన పడే అవకాశం 64 శాతం. కాబట్టి అలాంటి వానని "ఎవరూ ఊహించలేనిది" అనడం కుదరదు. ఊహించారు కాబట్టే లెక్కలో పెట్టారు.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం (ఇరుగుపొరుగు భూముల మధ్య ఉండే హక్కుల చట్టం) ఏడో సెక్షన్‌లో ఉదాహరణలు ఇచ్చారు. సహజమైన పారుదల ఉన్న కాలువ నీటిని అడ్డుకోకుండా, దాని పరిమాణం, దిశ, వేగం చెప్పుకోదగ్గంత మారకుండా పోనివ్వాలని ఒకటి. మెరక భూమి మీద పడ్డ నీళ్లు సహజంగా పల్లానికి పోతుంటే పల్లం భూమి యజమాని పోనివ్వాలని ఇంకొకటి. మీరు ఎగువన ఉన్నారు, పైపులు దిగువన ఉన్నాయి. మీ హక్కుకి పునాది ఇదే.

కానీ అవతలివాళ్ల లాయరు ఒక పాత తీర్పు తీస్తాడు, అది మీకు ముందే తెలియడం మంచిది. మన తెలుగు నేలకే చెందిన కేసు, చిత్తూరు ప్రాంతపు కార్వేటినగరం జమీందారుది. భారీ వానలకి ఆయన చెరువులు తెగి రైలు వంతెనలు దెబ్బతిన్నాయి. రైల్వే కంపెనీ దావా వేస్తే అది అప్పట్లో మనకి ఆఖరి కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1874లో కంపెనీ ఓడిపోయింది. చెరువులు జనం బతకడానికి అవసరమైనవి, వాటిని కాపాడటం జమీందారు బాధ్యత, నిర్లక్ష్యం లేనంతవరకు ఆయన పరిహారం ఇవ్వనక్కర్లేదు అన్నారు. ఈ తీర్పు మీకు అడ్డం కాదని నా ఉద్దేశం. జమీందారు తరతరాలుగా ఊరికోసం ఉన్న చెరువుని కాపాడాడు. లేఅవుట్ ఆయన తన ప్లాట్లు అమ్ముకోవడానికి ఉన్న ఖానా పగలగొట్టాడు. నిర్లక్ష్యం చూపించాల్సి వచ్చినా, 32 చదరపు అడుగుల చోట ఆరుంపావు పెట్టడం కంటే పెద్ద రుజువు ఏం కావాలి?

ప్రభుత్వం విషయంలో కూడా కాలం మారింది. గుజరాత్‌లో డ్యామ్ నుంచి వదిలిన నీళ్లకి భూములు మునిగిన రైతుల కేసులో, భారీ వాన పడిందన్న కారణంతో ప్రభుత్వం తప్పించుకోలేకపోయింది. పరిహారం ఇవ్వాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. మున్సిపాలిటీలకి అంతకంటే ముందే, 1980లో మధ్యప్రదేశ్‌లోని రత్లాం మున్సిపాలిటీ కేసులో గట్టిగా తగిలింది. మురుగు కాలువలు కట్టడానికి డబ్బు లేదన్నది జవాబు కాదని, ప్రజల ఆరోగ్యం కాపాడటం చట్టం పెట్టిన బాధ్యత అని జస్టిస్ కృష్ణయ్యర్ రాశారు.

ఆ రత్లాం కేసు మొదలైన దారినే మీరూ ముందు పట్టుకోవాలని నా సలహా. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో 133వ సెక్షన్, ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 152వ సెక్షన్. కాలువకి అడ్డం పెట్టి జనానికి ఇబ్బంది చేస్తుంటే తీసేయమని ఆదేశించే అధికారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కి ఉంది. మీ ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు. వీధిలో మునిగిన ఇళ్లవాళ్లందరూ కలిసి సంతకాలు పెట్టండి. డబ్బు రావడానికి ఏళ్లు పట్టవచ్చు, పైపులు మాత్రం వచ్చే జూన్ లోపు తీయించాలి. లేకపోతే మూడోసారీ మునుగుతారు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమంలో కూడా ఇచ్చి, రసీదు నంబరు తప్పకుండా తీసుకోండి. ఆ రోజు నుంచి "మాకు తెలియదు" అని ఎవరూ అనలేరు.

నష్టపరిహారం దావాలో లేఅవుట్ యజమానిని మొదటి ప్రతివాదిగా పెట్టాలి. అనుమతిచ్చిన మున్సిపాలిటీ, కోడు ఎవరి అధీనంలో ఉంటే ఆ శాఖ, ఇద్దరినీ చేర్చాలా అన్నది కాగితాలు చూశాకే తేలుతుంది. ఆ కాగితాలు సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. డ్రెయిన్ల ఇంజినీరింగ్ శాఖని, ఆ ఖానా తీసి పైపులు వేయడానికి అనుమతి ఎవరిచ్చారు, ఆ కోడు ఎంత నీటికి డిజైన్ చేసింది అని అడగండి. మున్సిపాలిటీని లేఅవుట్ మంజూరు పత్రం, అందులోని మురుగు నీటి ప్లాను, వాళ్లకి సమర్పించిన మోడల్ రిపోర్టు పూర్తి ప్రతి, జతపరచిన పట్టికలతో సహా ఇమ్మనండి. తహసీల్దారు ఆఫీసులో గ్రామ పటం, ఎఫ్ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పుస్తకం) నకలు తీసుకుంటే కోడు పోరంబోకు అసలు వెడల్పు తెలుస్తుంది. మన భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది మీటర్ల కంటే వెడల్పైన కాలువ, వాగుల హద్దు నుంచి తొమ్మిది మీటర్లు, అంతకంటే చిన్నవాటికి రెండు మీటర్లు ఖాళీ వదలాలి. టేపు పట్టుకుని అటువైపూ కొలవండి, ఇటువైపు మీ గోడనీ కొలవండి. మీ ఇల్లే హద్దులోకి వచ్చి ఉంటే అవతలివాళ్లు అదే పట్టుకుంటారు, ముందే తెలియడం మేలు.

గడువు మర్చిపోవద్దు. ప్రైవేటు వ్యక్తి మీద నష్టపరిహారం దావాకి సాధారణంగా మూడేళ్లు ఉంటుంది. కానీ చట్టం ఇచ్చిన అధికారంతో ఒక సంస్థ చేసిన పనికి, చేయకపోయిన పనికి పరిహారం అడిగితే లిమిటేషన్ చట్టం ఒక్క ఏడాదే ఇస్తుంది. ప్రభుత్వం మీద దావాకి రెండు నెలల ముందు నోటీసు కూడా ఇవ్వాలి. కాబట్టి మొదటి ముంపు ఆగస్టు అయితే, వచ్చే ఆగస్టు దాకా ఉందనుకోకుండా ఈ నెలలోనే లాయరుని కలవండి. లాయరు ఫీజు గురించి బెంగ వద్దు. లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో పనిలేకుండా మహిళలకి ఉచిత న్యాయసహాయం ఉంది. వరద బాధితులని కూడా అదే సెక్షన్ పేరుపెట్టి చెప్పింది. మీకు రెండు విధాలా అర్హత ఉంది. కోర్టు ప్రాంగణంలోనే ఆ సహాయం ఇచ్చే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది.

ఒకటి నిజాయితీగా చెప్పాలి. పోయినదంతా వస్తుందని ఆశపెట్టుకోకండి. అంత వానకి ఖానా ఉన్నా కొంత నీరు వీధిలోకి వచ్చేదే కదా అని కోర్టు అడుగుతుంది. పైపుల వల్ల అదనంగా వచ్చినంత మేరకే లెక్క కడుతుంది. అందుకే బియ్యం కొన్న బిల్లులు, ఫ్రిజ్ బాగుచేసిన రసీదు, ఫోన్‌లో తేదీ, సమయంతో ఉన్న ఫొటోలు, వీడియోలు అన్నీ దాచండి. ఆ రోజుల మండల వర్షపాతం లెక్క కూడా తీసుకోండి. ఇంటికి బీమా ఉంటే ఇప్పుడే క్లెయిమ్ చూడండి. లేకపోతే భారత్ గృహ రక్ష లాంటి పాలసీలో వరద నష్టం వస్తుంది, వచ్చే వానలకి ముందే తీసుకోండి.

అత్తయ్యగారి మాట కొట్టిపారేయను. ఈ వయసులో నీళ్లలో కూర్చోవాల్సి రావడం ఎవరికైనా భయమే. కానీ ఇల్లు అమ్మితే, కొనేవాళ్లు మామూలుగా చూసి కనిపెట్టలేని లోపం మీకు తెలిసి ఉంటే చెప్పాలని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటోంది. రెండుసార్లు మునిగిందని చెప్పి అమ్మితే ధర పడిపోతుంది, చెప్పకుండా అమ్మితే రేపు మీరే ప్రతివాదులవుతారు. పైపులు తీయించాక ఆ మాట ఆలోచించమని ఆవిడతో నెమ్మదిగా చెప్పండి.

మీ ఆయనతో కూడా ఒక మాట చెప్పండి. గోడ మీద నీళ్లు నిలిచిన మరక ఉంటుంది, మీ కేసులో అన్నింటికంటే బలమైన సాక్షి అదే. కోర్టులో దావా పడ్డాక అడ్వకేట్ కమిషనర్‌ని, అంటే కోర్టు తరఫున వచ్చి చూసి రిపోర్టు ఇచ్చే లాయరుని, వేయమని అడగవచ్చు. ఆయన సర్వేయరుతో వచ్చి ఆ మరక ఎత్తు, కోడు గట్టు ఎత్తు, పైపుల అడుగుభాగం ఎత్తు ఒకే లెవెల్ నుంచి కొలిచి రాస్తారు. ఏ మోడల్‌నైనా ఆ కొలతతోనే సరిచూస్తారు. ఈలోగా మీరే నలుగురు పొరుగువాళ్లని సాక్షులుగా పెట్టుకుని, మరక మీద గీత గీసి తేదీ వేసి, పక్కన టేపు కనిపించేలా ఫొటో తీయండి. కోడు గట్టున ఒక సిమెంటు స్తంభానికి అడుగులు, అంగుళాలు రాయించండి. మళ్లీ వాన వస్తే గంటకోసారి మట్టం రాసుకోండి. రంగులు ఆ కమిషనర్ వచ్చి కొలిచి వెళ్లాక వేయించుకోవచ్చు, ఈ సంక్రాంతికి ఆ ఒక్క గోడ అలాగే ఉండనివ్వండి.